నా మొహం, ఇంకెవరిదో గొంతు

నాటకాల్లో పన్నెండేళ్లు నా గొంతుతోనే పేరు తెచ్చుకున్నాను. మైకు లేకపోయినా చివరి వరుసదాకా వినిపిస్తుందనేవాళ్లు. ఉత్తమ నటి బహుమతి రెండుసార్లు వచ్చింది. అందుకే సినిమాలో తొలి వేషానికి పిలిచినప్పుడు భయపడలేదు.

గుడిమల్కాపూర్ మార్కెట్లో పూలమ్మే మనిషి వేషం. మల్లెలు మూరలు కొలుస్తూనే, రెండో పెళ్లి చేసుకున్న మొగుణ్ణి నిలదీయాలి. యాకుత్‌పురాలో మా గల్లీ ఆడవాళ్లు ఎలా మాట్లాడతారో అలాగే మాట్లాడాను. ఒక్క టేకులో అయిపోయింది. దర్శకుడే కళ్లు తుడుచుకున్నాడు.

రెండు నెలలకు, డబ్బింగ్ ఎప్పుడని నేనే దర్శకుడికి ఫోన్ చేశాను.

"మీరు రానక్కర్లేదండీ. మీ యాస అందరికీ అర్థం కాదు కదా, వేరే ఆవిడతో చెప్పించేశాం" అన్నాడు.

"సరేనండీ" అని పెట్టేశాను. అలా అన్నందుకు నా మీద నాకు ఇప్పటికీ కోపమే.

మలక్‌పేటలో ఒక థియేటర్లో అమ్మకు ఆ సినిమా చూపించాను. తెర మీద నేను నోరు తెరవగానే అమ్మ నా వైపు తిరిగింది.

"గదేంది బిడ్డా, ఎవరో మాట్లాడుతున్నరు?"

"నా బదులు వేరేటామె చెప్పిందమ్మా."

"ఎందుకు? నీ గొంతుకేమైంది?"



ఆ వేషానికే నాకు అవార్డు ఇచ్చారు. నా గొంతులో జీర గుండెను పిండేసిందని ఒక పత్రిక రాసింది. వేదికెక్కి నిజం చెప్పేద్దామనుకున్నాను. మైకు చేతికి రాగానే దర్శకుడికి కృతజ్ఞతలు చెప్పి దిగిపోయాను.

ఆ తర్వాత ఎవరు పిలిచినా, నా డబ్బింగ్ నేనే చెప్పుకుంటానని ముందే చెప్పడం మొదలుపెట్టాను. మూడు వేషాలు పోయాయి. "గింత జిద్దు దేనికే? మంచిగ చేసుకోక" అని మా అన్న లొల్లి పెట్టాడు.

ఇప్పుడు సినిమాల్లో మా యాసకు గిరాకీ వచ్చింది. పోయిన నెల అదే దర్శకుడు ఫోన్ చేశాడు. వేషం కోసం కాదు. ముంబై నుంచి వచ్చిన కథానాయికకు యాస నేర్పాలట.

"అచ్చం మీరు మాట్లాడినట్టే ఉండాలండీ."

"గట్లయితే ఆ వేషం నాకే ఇయ్యొచ్చు గద సార్?"

అతను నవ్వాడు.

"నవ్వులాటకు అంటలేను. నిజంగనే అడుగుతున్న."

ఆలోచించి చెబుతానన్నాడు. మళ్లీ ఫోన్ రాలేదు. నేర్పడానికి నేనూ వెళ్లలేదు. ఇంకెవరో నేర్పుతున్నారని విన్నాను.