మా బుజ్జి ప్రాపర్ నౌను

ఆ రోజుల్లో మా ఇళ్లలో మనిషి పేరు ఊరికే వాడి పారేసే వస్తువు కాదు. పట్టుచీరలాగా దాన్ని పెట్టె అడుగున దాచి, వరసలతోనే కాలం గడుపుకునేవాళ్లం. అత్తగారు, బావగారు, పెద్దోడు, చిన్నది. ఏ పనీ ఆగింది లేదు. మూడో తరగతితో బడి మానేసిన నాకు ఈ పద్ధతిలో లోపమేమీ కనిపించలేదు, న్యూజీలాండ్‌లో వెల్లింగ్టన్ పక్కన జాన్సన్‌విల్‌లో ఉన్న మా అమ్మాయి ఇంటికి వచ్చేదాకా. అప్పటికి నాకు అరవై దాటాయి గానీ ఇంగ్లీషు లెక్కన ఇంకా పాలబుగ్గల వయసే. బడి వదిలాక మా మనవరాలిని సాయంత్రందాకా చూసుకోవడానికి ఎవరికో డబ్బు కడుతున్నారు. ఇంట్లో నేను రాయిలా కూర్చుని ఉండగా! "నేను తీసుకొస్తాను" అన్నాను. "స్కూల్లో ఏదైనా అడిగితే నువ్వే ఇంగ్లీషులో చెప్పుకోవాలమ్మా. ముందు లైబ్రరీలో క్లాసుకి వెళ్లు, ఫ్రీ" అంది మా అమ్మాయి. ఆ చివరి మాట లేకపోతే వెళ్లేదాన్ని కాదు.

టీచరమ్మ నెరిసిన జుట్టు కివీ ఆవిడ. నా పక్కన ఫిజీ నుంచి వచ్చి స్థిరపడ్డ తెలుగావిడ కూర్చుని, అర్థం కానివి చెవిలో చెప్పేది. నౌన్లు మొదలుపెట్టారు. బియ్యం, నూనె, బంగారం మెటీరియల్ నౌన్లట. (వాటి సంగతి నాకు ఒకరు చెప్పాలా?) కంటికి కనబడక, చేతికి దొరక్క, ఉన్నట్టు మాత్రం తెలిసేవి అబ్‌స్ట్రాక్ట్ నౌన్లు. అందరూ ప్రేమ, శాంతి అంటున్నారు. నా వంతు వస్తే "డిస్కౌంట్" అన్నాను. టీచరమ్మ కాసేపు ఆలోచించి రైటే అంది. ఇక అమ్మాయి అంటే కామన్ నౌను, ఫలానా అమ్మాయి పేరు ప్రాపర్ నౌను. మీ మనవరాలి పేరు చెప్పమంది.

"బుజ్జి."

"అసలు పేరు చెప్పక్కా" అని ఫిజీ ఆవిడ గుసగుసలాడింది.

"అది నేను అనకూడదు. మా అమ్మాయి వాళ్ల నాయనమ్మ పేరు పెట్టుకుంది. అంటే మా అత్తగారి పేరు."

సంగతి ఇంగ్లీషులో టీచరమ్మకి చేరింది. ఆ అత్తగారు ఇప్పుడెక్కడుంటారని అడిగింది. పోయి చాలా ఏళ్లయిందన్నాను. అయితే ఆవిడకి వినపడదు కదా అంది. "మా అత్తగారి చెవుల సంగతి ఈవిడకి తెలియదని చెప్పు" అన్నాను.

బడికి వెళ్లిన మొదటిరోజు ఆఫీసులో పనిచేసే పిల్ల నవ్వుతూ, ఎవరి కోసం వచ్చారంది. "బుజ్జి" అన్నాను. కంప్యూటరంతా వెతికి, ఆ పేరు గలవాళ్లు లేరంది. పిల్ల పేరు చెప్పందే పంపడం కుదరదట. "గ్రాండ్ డాటర్. టూ జడలు. ఎల్లో రెయిన్‌కోట్." నాకు తెలిసిన కామన్ నౌన్లన్నీ ఆమె ముందు కుమ్మరించాను. లాభం లేదు. మా అమ్మాయి ఫోనెత్తదు. అద్దాల తలుపు అవతల బుజ్జి బ్యాగు ఒళ్లో పెట్టుకుని, ఇంటికి వెళ్లిపోతున్న పిల్లల్ని చూస్తోంది. వేలు పెట్టి చూపించినా పేరే కావాలట. ఇలా వెనక్కి వెళితే రేపట్నుంచి మళ్లీ డబ్బు కట్టడమే, నేను మళ్లీ రాయిలా కూర్చోవడమే.

చెప్పులు విప్పి పక్కన పెట్టాను. కొంగు భుజం నిండా కప్పుకుని, కాపురానికి వచ్చినప్పట్నుంచీ నా నోట రాని ఆ పేరు మెల్లిగా అన్నాను. "సారీ?" అందామె. ఈసారి గట్టిగా అన్నాను. అద్దం అవతల బుజ్జి ఉలిక్కిపడి లేచి పరుగెత్తుకొచ్చింది.

"అమ్మమ్మా, ఆమ్ ఐ ఇన్ ట్రబుల్?" (వాళ్లమ్మ ఆ పేరు పెట్టి పిలిచేది తిట్టేటప్పుడే.)

"నువ్వు కాదే, నేను" అన్నాను.

ఇప్పుడు బుజ్జి హైస్కూలు. బస్సులో తనే వెళ్లొస్తుంది, నేను తీసుకురావలసిన పని లేదు. (పేరేమిటని ఇక్కడ వెతక్కండి, రాయను కూడా రాయను.) ఆఫీసు బల్ల ముందు చెప్పులు విప్పి నిలబడ్డ ఆ మనిషిని తలుచుకుంటే నవ్వొస్తుంది. ఇంట్లో ఎవరూ లేని మధ్యాహ్నాల్లో, గిన్నెలు తోముతూ, ఒక్కోసారి ఆ పేరు పైకే అంటుంటాను. బాగానే ఉంటుంది. మా అత్తగారు మాత్రం ఇంతవరకూ పలకలేదు.