పది వేళ్ళకూ పండిన గోరింటాకు

మా చెల్లె జర్మనీలో నర్సు. ఏళ్ళ తరబడి రోగులను లేపి కూర్చోబెట్టి, పక్కలు మార్చి, చివరికి తన నడుమే పాడుచేసుకుంది. అక్కడ ఒక్కతే ఉంటుంది. వెన్నుకు ఆపరేషన్ తేదీ ఇస్తూ ఆసుపత్రివాళ్ళు, ఇంటికి పంపాక వంగకూడదు, బరువెత్తకూడదు, చూసుకోవడానికి ఎవరున్నారని అడిగారట.

"మా అక్క ఒస్తదని చెప్పిన," అంది ఫోన్లో.

నన్ను అడగలేదు. అడగాల్సిన పని లేదని దానికి తెలుసు. పాస్‌పోర్టు ఎప్పుడో తీయించి బీరువాలో పడేసి ఉంది కాబట్టి ఇక వీసా ఒక్కటే కదా అనుకున్నాను. ఆ 'ఒక్కటే' నా ప్రాణం తీసింది.

మొదట ఫొటో. దిల్‌సుఖ్‌నగర్ స్టూడియో అతను కొలతలన్నీ సరిగ్గానే పెట్టాడు గానీ, అడగకుండానే నా మొహం మీద ముడతలు తీసేసి, చెంప మీది పుట్టుమచ్చ కూడా చెరిపేశాడు. ఈ ఫొటోలో ఉన్నావిడ ఎవరో గానీ ప్రయాణం చేసేది ఆవిడ కాదు, నేను, నా మచ్చ నాకు పెట్టండి అన్నాను. అందరూ తీసేయమని డబ్బులిస్తారు, మీరేంటి మేడమ్ అని అతను విస్తుపోయాడు. తర్వాత బ్యాంకు. తర్వాత ఇన్సూరెన్సు ఏజెంటు, జర్మనీకి పాలసీ అడిగితే థాయ్‌లాండ్ ప్యాకేజీ గురించి గంట చెప్పాడు. ఆ తర్వాత నేను పాఠాలు చెప్పే ఇంటర్ కాలేజీలో సెలవు. అందరితోనూ గొడవపడి అన్నీ సాధించాను. అక్కడే నాకు కొంచెం గర్వం వచ్చి ఉంటుంది.

ఈలోగా ఆషాఢం వచ్చింది. వనస్థలిపురంలో మా గేటు పక్కన గోరింట చెట్టుంది. మా అత్తమ్మ దాన్ని మైదాకు అంటుంది, ఆషాఢంలో ఆడవాళ్ళ చేతులు పండకపోతే ఇంటికి మంచిది కాదంటుంది. ఆదివారం పొద్దున్నే ఆకు దూసి, మిక్సీలో రుబ్బి, గిన్నెతో నా ముందు కూర్చుంది.

"బోడి చేతులతోని దేశం దాటుతవా? ఆడ ఆ పిల్ల కత్తి కిందికి పోతున్నది."

నా చేతి రంగుకీ దాని వెన్నెముకకీ సంబంధం ఏమిటని అడిగాను.

"అన్నిటికి సంబంధాలు అడుగుతవు. చెయ్యి పట్టు."

వారమంతా వాదించి అలసిపోయి ఉన్నాను. చేతులు చాచాను. అరచేతుల మధ్య చందమామలు, పది వేళ్ళకూ నిండుగా టోపీలు. కడిగేసరికి ఎర్రగా, మర్నాటికి నల్లగా పండాయి. అత్తమ్మ నా వేళ్ళు ఇటూ అటూ తిప్పి చూసుకుని మురిసిపోయింది.

రెండు రోజులకు, కాగితాల కట్ట ఒళ్ళో పెట్టుకుని ఎల్బీ నగర్‌లో మెట్రో ఎక్కి, నగరం అటు చివర ఉన్న వీసా ఆఫీసుకు వెళ్ళాను. కాగితాలలో ఒక్క తప్పు దొరకలేదు. వేలిముద్రల దగ్గర అద్దం మీద నాలుగు వేళ్ళు పెట్టమన్నారు. మిషన్ కీచుమంది. తుడుచుకుని మళ్ళీ పెట్టాను. మళ్ళీ కీచుమంది. కౌంటర్లో ఉన్న అమ్మాయి తల పక్కకు వంచి నా చేతులు చూసింది. మెహందీ పెట్టుకున్నారా అని అడిగింది. మెహందీ కాదు, గోరింటాకు, అది కోనుతో గీసేది, ఇది ఆకు రుబ్బి పెట్టేది అని వివరంగా చెప్పాను.

"ఏదైనా మేడమ్, గీతలు ఒస్తలెవ్వు. రంగు పోయినంక రాండి."

వేళ్ళ మీద రంగులు ఉండకూడదని అపాయింట్‌మెంట్ ఇస్తూ వాళ్ళు పంపిన మెసేజ్‌లోనే ఉందని కూడా చూపించింది. ఉంది, చిట్టచివర. ఈ రూలు రాసినవాడికి ఆషాఢమంటే తెలుసా, ఊళ్ళో సగంమంది ఆడవాళ్ళ చేతులు ఈ నెలలో ఇలాగే ఉంటాయి కదా అని మొదలుపెట్టాను. నా వెనక నిలబడ్డ పెద్దమనిషి గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, జర పక్కకు జరుగుండ్రి. మీ ఆషాఢం అయ్యేసరికి మాకు శ్రావణం ఒస్తది."

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

ఇంటికొచ్చి యుద్ధం మొదలుపెట్టాను. నిమ్మచెక్క, వంటసోడా, టూత్‌పేస్టు, చివరికి అంట్లు తోమే పీచు. అత్తమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ నన్నే చూసింది. వారం తర్వాత ఎరుపు పసుపులోకి దిగింది. మళ్ళీ మెట్రో, మళ్ళీ అదే అద్దం, అదే కీచుమనడం. ఆ అమ్మాయి నా వేళ్ళు దగ్గరగా చూసింది.

"ఇప్పుడు రంగు లేదు మేడమ్. తోలు కూడ లేదు."

చర్మం కోలుకోవడానికి కొంచెం ఎడం పెట్టి ఇంకో రోజు ఇచ్చారు. అప్పుడూ కుదరకపోతే ఆపరేషన్ తేదీలోపు వీసా రాదు. ఆ రాత్రి చెల్లె వీడియోలో కనిపించింది. కూర్చోలేక నేల మీద పడుకుని ఉంది.

"అక్కా, తేదీ మార్చమంటవా? ఇది పోతే మళ్ళ ఎప్పుడిస్తరో తెల్వది."

"మార్చకు," అన్నాను. ఏ ధైర్యంతో అన్నానో నాకే తెలియదు.

ఫోన్ పెట్టేసరికి అత్తమ్మ కొబ్బరినూనె సీసాతో వచ్చింది. అప్పటినుంచి రోజూ పొద్దున, సాయంత్రం ఒక్కో వేలికీ తనే రాసింది. సంబంధం ఏమిటని ఈసారి నేనడగలేదు. నీళ్ళు ముట్టనివ్వలేదు. అంట్లు మా ఆయన తోమాడు, బట్టల కొట్టు నుంచి అలసి వచ్చి, గిన్నె గిన్నెకూ నిట్టూరుస్తూ. కాలేజీలో నేను సుద్దముక్క పట్టుకోకుండా పిల్లలతో బోర్డు మీద రాయించాను. ఆ పిల్లల చేతిరాతకు నా కళ్ళు పోయాయి.

మూడోసారి ఎడమచెయ్యి ఒప్పుకుంది. కుడిచెయ్యి ఒప్పుకుంది. బొటనవేళ్ళ దగ్గర మిషన్ కాసేపు ఆలోచించింది. ఆ అమ్మాయితో అనడానికి మెట్రోలో నాలుగు మాటలు సిద్ధం చేసుకున్నాను గానీ, "అయింది మేడమ్," అనేసరికి ఒక్కటీ గుర్తు రాలేదు.

వీసా ఆఖరి నిమిషంలో వచ్చింది. జర్మనీలో దిగితే ఎయిర్‌పోర్టులో మళ్ళీ అద్దం, మళ్ళీ వేళ్ళు పెట్టమన్నారు. చున్నీకి ఎన్నిసార్లు తుడుచుకున్నానో. ఆపరేషన్‌కు ముందురోజు సాయంత్రం చెల్లె ఇంటి మెట్లెక్కాను. అది గోడ పట్టుకుని తలుపు తీసింది.

ఆపరేషన్ బాగానే అయింది. ఇంటికి తెచ్చిన మర్నాడు అత్తమ్మ ఫోన్ చేసింది.

"సూసినవా? చేతులు పండిచ్చి పంపిన, అంత మంచిగైంది."

ఆ అద్దం దగ్గర మొదలుపెట్టి ఆవిడకు చెప్పాల్సింది చాలా ఉంది. కానీ పక్క గదిలో చెల్లెకు అప్పుడే నిద్ర పట్టింది. "ఆఁ, అత్తమ్మా," అని మెల్లగా అని పెట్టేశాను.