నాలుగు పుటల అర్జీ

కొత్తగా కొలువులో చేరిన తెలుగు పంతులుకు లోకమంతా తన వాక్యం కోసమే కాచుకొని ఉన్నట్లు తోచే వయసొకటి ఉంటుంది. ఆ రోజుల్లో నాకు సమాసం లేనిదే కలం సాగేది కాదు. (పాలవాడికి రాసిన చీటీని అతడు పక్కింటివారి చేత చదివించుకొనేవాడని మా ఆవిడ నేటికీ సాక్ష్యం చెబుతుంది.) బెంజ్ సర్కిల్‌కు కూతవేటు దూరంలో ఉన్న మా పేట పార్కుకు, కాపలాదారు లేడన్న కారణాన, అప్పుడే తాళం పడింది. ఆ స్థలంలో ఇక పైపులు నిలవ చేస్తారన్న కబురూ వచ్చింది. పేటవాసులు వంతులవారీగా గేటు తీసేటట్లు, ఒక స్వచ్ఛంద సంస్థ మొక్కల్నీ బల్లల్నీ చూసుకొనేటట్లు ఒడంబడిక కుదిరింది. తాళం తీయించమని నగరపాలక సంస్థకు అర్జీ రాసే భారం మాత్రం నాపై పడింది.

ఉద్యానవనమన్న తరువాత వర్ణన లేకుండా ఎలా? కావ్యమర్యాద ననుసరించి తామరకొలను తవ్వించాను, హంసల్ని దింపాను, చంద్రకాంతశిలల అరుగులు పరిపించాను. తాళం సంగతి నాలుగో పుట చివర, ఒక దీర్ఘసమాసం నడుమ ఇరికించాను. “మాస్టారు రాశాక మనం చదివేదేముందండీ!” అంటూ చీరల కొట్టు బాబాయి మొదటి సంతకం పెట్టాడు, తక్కినవారూ ఆయన బాటే పట్టారు.

వారం తిరగకముందే నగరపాలక సంస్థ అధికారి అర్జీ చేతబట్టుకొని వచ్చారు. తాళం తీయించి, నడుములోతు పిచ్చిమొక్కల్నీ, ఎండిన సిమెంటు తొట్టినీ కలయజూశారు.

“హంసలెక్కడండీ?”

బాబాయి నా వైపు తిరిగాడు. “ఇవన్నీ ఎప్పుడు చూశారు మాస్టారూ? మమ్మల్నీ పిలవకపోయారా!”

“ఇంత వైభోగంగా ఉంటే ఇక మీ సాయమెందుకు? అబద్ధపు అర్జీ అని రాసేస్తా,” అంటూ అధికారి కలం తీశారు. పార్కు చేజారినట్లే అనుకొన్నాను. అంతలో స్వచ్ఛంద సంస్థ తరఫున వచ్చిన అక్కయ్య కొంగు బిగించి ముందుకు వచ్చింది.

“హంసల పూచీ మాది కాదు సార్. పొద్దున అయిదింటికి గేటు తీసే పూచీ మాది. ఏ రోజు ఎవరో చెప్తాం, రాసుకోండి.”

“సోమవారం నాదండీ!” అన్నాడు బాబాయి. “మంగళవారం మాది!” అన్నదొక ఇల్లాలు. నా అర్జీ వెనుకవైపున అధికారి ఒక్కొక్క పేరే రాస్తూ పోయారు. “గురువారం?” అన్నారు. అందరూ నన్నే చూశారు.

“నేను,” అన్నాను.

“ఇదొక్కటీ అర్థమైంది మాస్టారూ!” అంటూ ఆయన నవ్వి సంతకం చేశారు.

ఆనాటి నుండి నేటి వరకు ఒక్క ఉదయమైనా మా పార్కు గేటు తెరుచుకోకుండా ఉండలేదు. ఈ మాట నేను రొమ్ము విరుచుకొనే చెబుతాను. మోకాళ్లు మొరాయిస్తున్నా నా వంతు నేనింకా వదులుకోలేదు. మొన్న అయిదూ పదికి చేరుకొనేసరికి, నడకకు వచ్చిన అమ్మాయిలు గేటు ముందు వరుసకట్టి నిలబడి ఉన్నారు. “తాతగారూ, పది నిమిషాలు లేటు!” అన్నారు. ఆలస్యానికి కారణాన్ని వర్ణించబోయి, ఆ కుర్ర పంతులు గుర్తుకు వచ్చి, నాలో నేనే నవ్వుకొని తాళం తీశాను.