టైపక్క, రెండు లాప్‌టాప్‌లు

ఆ వీధిలో ఆమెను అందరూ టైపక్క అనే పిలుస్తారు. సమావేశాల్లోనూ విచారణల్లోనూ పెద్దమనుషులు మాట్లాడిన మాటల రికార్డింగులు విని, ఒక్క ముక్క పొల్లుపోకుండా టైపు చేసి పంపడం ఆమె పని. ఇరవై ఆరేళ్లుగా అదే పని. చెవులకు హెడ్‌ఫోన్లు, బల్ల కింద కుడికాలి దగ్గర ఒక పెడల్. నొక్కితే మాట నడుస్తుంది, వదిలితే ఆగుతుంది. ఇంట్లో ఎవరైనా సాగదీసి మాట్లాడుతుంటే అక్క కాలు దానంతటదే పైకి లేస్తుందని తమ్ముడి వేళాకోళం.

ఆమెకు పనిచ్చే ఏజెన్సీ మూతపడి నాలుగు నెలలైంది. కొత్త ఏజెన్సీ వాళ్లు శుక్రవారం పరీక్ష అన్నారు. ఉదయం తొమ్మిదికి గంటసేపటి రికార్డింగు పంపుతారు, సాయంత్రం ఐదులోగా టైపు చేసి పంపాలి. నెగ్గితే ఏడాది పొడవునా పని. తప్పితే ఈ వయసులో మళ్లీ పిలిచేదెవరు? సరిగ్గా ఆ వారం సోమవారమే లాప్‌టాప్ మొండికేసింది.

అది తమ్ముడు ఏరికోరి కొనిపెట్టిన చవక లాప్‌టాప్. వెండి రంగు, అట్టముక్కంత మందం, ఒంటిచేత్తో ఎత్తొచ్చు. "నువ్వేమన్నా రాకెట్లు పంపుతావా అక్కా? టైపు కొట్టుకోడానికి ఇది చాలు" అన్నాడు. మొదటి ఏడాది చాలింది కూడా. తెర కళకళలాడేది, చార్జింగు మధ్యాహ్నం దాకా నిలిచేది. రెండో ఏడు మూత కీలు దగ్గర ప్లాస్టిక్ పగిలింది. మూడో ఏడు, పెడల్ లాంటి వాటి వైర్లు గుచ్చే రెండు యూఎస్‌బీ రంధ్రాల్లో ఒకటి వదులై పనికిరాకుండా పోయింది. ఇప్పుడేమో స్పేస్ మీట ఐదుసార్లు కొడితే ఒకసారి పలుకుతోంది. మాటలన్నీ ఒకదానికొకటి తగులుకుని రైలుపెట్టెల్లా పోతున్నాయి.

మూడు రోజులు దాన్ని బుజ్జగించి, గురువారం సాయంత్రం బజారు చివర స్క్రూల మాస్టారి రిపేరు కొట్టుకు పట్టుకెళ్లింది. ఆయన మనిషి మంచివాడే. నోరు తెరిస్తే మాత్రం ఆపడానికి ఏ పెడలూ లేదు. అడుగు మూత విప్పి చూపించాడు.

"చూశారా అమ్మా? ఒక్క మీట కోసం పైభాగం మొత్తం మార్చాలి. కీబోర్డును శాశ్వతంగా బిగించేశాడు. ర్యామ్ పెంచుదామంటే అదీ బోర్డుకే అతికించేశాడు. ఇది లాప్‌టాప్ కాదమ్మా, సీలేసిన డబ్బా. పార్టు రావాలంటే పది రోజులు."

"నాకు రేపే పరీక్ష మాస్టారూ!"

"అయితే దీన్ని చూడండి" అంటూ నల్లటి లాప్‌టాప్ ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. బల్ల ఊగింది. "బిజినెస్ మోడల్. ఏదో కంపెనీవాళ్లు వాడి తీసేసినవి లాట్‌గా వచ్చాయి. దేనికదే విడిగా ఊడుతుంది. ఏది పోతే అదే మార్చుకోవచ్చు."

టైపక్క వేళ్లు ఆనించి చూసింది. మీటలు లోపలికి దిగి, వేలిని మళ్లీ మెత్తగా పైకి నెట్టాయి. ఎన్నేళ్లకో వేళ్లకు ఊపిరాడినట్టయింది. ఇక ఆలోచించలేదు, కొనేసింది. దాని అసలు రంగు ఇంటికొచ్చాక తెలిసింది. తెర మబ్బుపట్టినట్టుంది. చార్జరు ఇటుకంత. వైరు తీస్తే ముప్పావుగంటకే కన్నుమూస్తోంది. ఫ్యాను గురకపెడుతోంది. అయినా సరే, ఆ మీటలు చాలనుకుంది.

ఆమెకో నియమం ఉంది. విచారణల్లో మాటలు రహస్యాలు కాబట్టి, ఒకరు వాడిన యంత్రంలో ఉన్నదంతా పూర్తిగా తుడిచి కొత్తదానిలా చేసుకోకుండా పని మొదలుపెట్టదు. శుక్రవారం ఆరింటికే లేచి అంతా తుడిచేసింది. తుడవడం అయ్యాక నెట్ కలిపింది. తెర మీద ఊరూపేరూ తెలియని కంపెనీ బొమ్మ వెలిగింది. 'స్వాగతం. మీ ఉద్యోగి నంబరు, పాస్‌వర్డ్ ఇవ్వండి.' ఎక్కడ నొక్కినా అదే స్వాగతం.

తమ్ముడికి ఫోన్ చేసింది. "ఏదో ఒక నంబరు కొట్టి చూడక్కా."

"ఒరేయ్, నన్ను చెయ్యమంటున్నది టైపా, దొంగతనమా?"

ఎనిమిదిన్నరకు, తెర అడుగున ఉన్న ఫోన్ నంబరు చూసి ఆ కంపెనీకే చేసింది. ఉద్యోగి నంబరు నొక్కమని యంత్రం నాలుగుసార్లు అడిగాక మనిషి దొరికాడు.

"ఏ డిపార్ట్‌మెంట్ మేడమ్?"

"ఏదీ కాదు బాబూ. మీరు అమ్మేసిన పాత లాప్‌టాప్ కొనుక్కున్నదాన్ని. తాళం తియ్యండి, పుణ్యముంటుంది."

"మా సైట్‌లో ఫిర్యాదు రాసి టికెట్ పెట్టండి మేడమ్."

"ఎక్కడ పెట్టాలి?"

"మీ ఉద్యోగి నంబరుతో లాగిన్ అయ్యి..."

ఫోన్ పెట్టేసింది. తొమ్మిదికి రికార్డింగు వచ్చింది. పదింటికి రిపేరు కొట్టు తెరిచేసరికి రెండు లాప్‌టాప్‌లూ చెరో చంకలో పెట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

మాస్టారు తల పట్టుకున్నాడు. "ఎవరు తుడవమన్నారమ్మా? నేనంతా సర్దే ఇచ్చానుగా. తుడిచి నెట్ కలిపితే ఇది పాత యజమానినే వెతుక్కుంటుంది. కంపెనీవాళ్లు వాళ్ల లిస్టులోంచి తియ్యందే ఇక కదలదు."

"మీరు అమ్మేముందు నెట్ కలిపి చూడరా?"

"కొట్టులో నెట్ లేదుగా."

ఆమెకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఆయన నల్లదాన్ని వెనక్కి తీసుకుని లోపల పెట్టి, దుమ్ముపట్టిన విడి కీబోర్డు ఒకటి దులిపిచ్చాడు. "దీన్ని మీ పాతదానికి తగిలించి కొట్టుకోండి. పని అయిపోతుంది."

"ఈ ముక్క నిన్న చెప్పలేదేం?"

"మీరు బాగు చెయ్యమన్నారు. సర్దుకుంటామని ఎక్కడన్నారు?"

ఇంటికొచ్చి కూర్చునేసరికి పదకొండు. విరిగిన మూత వాలిపోకుండా వెనక నిఘంటువు ఆనించింది. ఉన్న ఒక్క రంధ్రం కీబోర్డుకు పోయింది, పెడల్‌కు చోటు లేదు. మాటను చేత్తోనే నడుపుతూ, చేత్తోనే ఆపుతూ టైపు చేసింది. కాలికి ఆ సంగతి తెలియదు. సాయంత్రం దాకా అది వట్టి నేలను నొక్కుతూనే ఉంది. మధ్యలో రెండుసార్లు లాప్‌టాప్ కొయ్యబారిపోయింది. ఆగినప్పుడల్లా తమ్ముణ్ణి, మాస్టారిని, ఆ కంపెనీని వరసపెట్టి తిట్టింది. ఐదుకు నాలుగు నిమిషాలున్నాయనగా, చివరి పేజీ సరిచూడకుండానే పంపేసింది.

పని వచ్చింది. వారం తిరక్కుండా ఏజెన్సీ పార్సిలూ వచ్చింది. విప్పితే అదే నల్లటి మోడల్, అదే ఇటుక చార్జరు. 'స్వాగతం. మీ ఉద్యోగి నంబరు ఇవ్వండి' అంది తెర. ఈసారి ఆమె దగ్గర నంబరుంది. మీటలు మెత్తగా దిగాయి. సంతోషంగా పెడల్ గుచ్చింది.

'ఈ పరికరానికి అనుమతి లేదు.'

ఏజెన్సీలో అమ్మాయికి ఫోన్ చేసింది.

"టికెట్ పెట్టండి మేడమ్, రెండు వారాల్లో చూస్తారు."

"పెడతానమ్మా. నాదొక మాట కూడా రాసుకో. దీన్ని అమ్మేరోజున మీ పేరు ఊడబెరికి మరీ అమ్మండి."

"అర్థం కాలేదు మేడమ్..."

"కొనుక్కున్నవాళ్లకి అర్థమవుతుందిలే" అని ఫోన్ పెట్టేసి, హెడ్‌ఫోన్లు తగిలించుకుంది. బల్ల కింద కుడికాలు అప్పటికే నేలను నొక్కుతోంది.