మేడ మీద చలికాలం పెట్రోలు

చలి మొదలైందంటే కువైట్ వాళ్లకి ఇంట్లో కాలు నిలవదు. ఎడారిలో గుడారాలు వేసుకుని అక్కడే కూర్చుంటారు. మేం పనిచేసిన ఇంటివాళ్లు, జహ్రా ఊరివాళ్లు, అబ్దలీ వైపు, అంటే ఇరాక్ సరిహద్దుకి పోయే దారిలో వేసేవారు. తివాచీలు, వంటగిన్నెలు, పిల్లలు ఇసకలో తోలే బళ్లు, జనరేటరు, వాటన్నిటికీ డబ్బాల్లో పెట్రోలు. ఎండలు వస్తున్నాయనగా గుడారాలు పీకేస్తారు. అప్పుడు సామానంతా ఇంటికొచ్చేది, మిగిలిన పెట్రోలుతో సహా.

ఆ డబ్బాలు మేడ మీద రేకుల కొట్లో పెట్టేవారు. కొట్టు పక్కనే వంటచేసే అక్క గది. మధ్యలో గోడ పైదాకా ఉండదు, మీద జానెడు సందు.

అక్కది రాజమండ్రి దగ్గర, మాది నరసాపురం వైపు. ఆవిడ వండిన మచ్బూస్, అదే వాళ్ల మాంసం పలావు, తిని వచ్చిన చుట్టాలు వంటింటి గుమ్మం దాకా వచ్చి మెచ్చుకుని వెళ్లేవారు. కూతురు కాకినాడలో నర్సింగు చదువుతోంది. ఆ చదువు పూర్తయ్యేదాకా ఈ ఇంట్లో నిలబడితే చాలు, ఇంకేం కోరిక లేదు మనిషికి. అక్కడ ఉండనిచ్చే కాగితం, ఇఖామా, ఆ వేసవిలోనే మామా మళ్లీ కట్టించాలి. ఇంటి యజమానురాల్ని మామా అనే పిలుస్తాం అక్కడ.

ఆ ఏడు డబ్బాలు బాగా మిగిలాయి. మోసుకొచ్చిన డ్రైవరు కడప మనిషి.

"యాడ పెట్టేది మేయ్ ఇవి?" అన్నాడు.

"నా నెత్తిన పెట్టు" అంది అక్క.

"నీ నెత్తిన యాడుంది సోటు? మామా ఇల్లంతా ఆడనే ఉంది కదా" అని నవ్వుకుంటూ కొట్లో పడేసి పోయాడు.

ఎండలు ముదిరాక డబ్బాలు పొట్ట వచ్చినట్టు ఉబ్బాయి. మూతల దగ్గర బుస్సుమని ఆవిరి వదిలేవి. ఆవిడ గదిలో అడుగుపెడితే కళ్లు మండేవి నాకు. పొద్దున్నే రొట్టెలు కాలుస్తూ అక్క ఒకటే దగ్గు. మామా చెప్పుల చప్పుడు వినపడితే తలగుడ్డ నోట్లో కుక్కుకునేది.

"చెప్పరాదా అక్కా?"

"ఏమని చెప్పనే? ఊపిరాడట్లేదనా? జబ్బు మనిషికి ఇఖామా ఎందుకని విమానం ఎక్కించేస్తాది. నువ్వూరుకో."

ఆ ఇంటి పెద్దబ్బాయి ఇంజనీరు. గాలి ఎంత చెడిందో మిషన్లు పెట్టి చూసే పని ఆయనది, సరిహద్దు దగ్గరే. మాట మెత్తన. నన్నూ అక్కనీ ఎప్పుడూ కసురుకున్నది లేదు. ఒకరోజు వంటింట్లో టీ తాగుతూ వాళ్లమ్మకి చెబుతున్నాడు. అప్పటికి అరబ్బీ నాకు బాగానే వచ్చు. చలికాలం అమ్మే పెట్రోలు వేరట, ఎండాకాలందీ వేరట. చలికి కూడా బండి చప్పున అందుకోవాలని తేలిగ్గా ఆవిరయ్యే రకం కలుపుతారట. అదే ఎండల్లో పోస్తే సగం ఆవిరై గాల్లో కలిసి, జనం ఊపిరికి చేటట. అందుకని ముందే రకం మార్చాలి, మనం ఒక్కళ్లం మారిస్తే చాలదు, సరిహద్దుకి అటువాళ్లూ మార్చాలి, గాలికి చెక్‌పోస్టు ఉండదు కదమ్మా అన్నాడు. మామా మురిసిపోయింది కొడుకుని చూసి.

అక్క పొయ్యి దగ్గర నుంచే అడిగింది. "మేడ మీద డబ్బాల్లో ఉన్నది ఏ రకం బాబూ?"

"చలికాలందే. మళ్లీ గుడారాలకి పనికొస్తుందిలే" అన్నాడు.

"వాసనొస్తోంది. కాస్త అవతల పెట్టిస్తారా?"

"ఇన్షా అల్లా" అన్నాడు. కప్పు అక్కడ పెట్టి వెళ్లిపోయాడు. ఆ తర్వాత అడిగినప్పుడల్లా బుక్రా, బుక్రా. ఆ రేపు మాకు రాలేదు.

చివరికి మామాకే చెప్పుకుంది, ఆయాసం మాట ఎత్తకుండా, వాసన అని మాత్రం. మామా లోపలికెళ్లి గుప్పెడు బుఖూరు కాగితంలో పొట్లం కట్టి ఇచ్చింది. "ఇది వెయ్యి, గదంతా ఘుమఘుమలాడుతుంది" అంది. బుఖూరంటే అత్తరు పట్టించిన చెక్క. చుట్టాలు లేచే ముందు నిప్పుల మీద వేసి అందరికీ పొగ చూపిస్తారు వాళ్లు. మన ఇళ్లలో స్నానం చేయించిన పసిబిడ్డకి సాంబ్రాణి పట్టినట్టే. పొగ వేస్తే చెడ్డ వాసన పోతుందని పుట్టినప్పట్నుంచీ విన్నవాళ్లం, మూతలేసిన డబ్బాలు గోడ అవతలే కదా, మాకు అనుమానమెందుకు వస్తుంది?

శుక్రవారం భోజనాలయ్యి చుట్టాలు వెళ్లారు. ధూపం గిన్నెలో నిప్పులు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. పారెయ్యడమెందుకని అక్క దాన్ని పట్టుకుని మేడెక్కింది. నీళ్ల ట్యాంకు చూడ్డానికి పెద్దబ్బాయి అప్పుడే పైకెళ్లాడు. గది గుమ్మంలో నిప్పుల గిన్నెతో అక్క కనపడింది. ఆయన అరిచిన అరుపుకి కింద బట్టలు మడతపెడుతున్న నేను లేచి పరుగెత్తాను. గిన్నె లాక్కుని బకెట్టు నీళ్లలో ముంచేశాడు. అక్క గోడకి ఆనుకుని దగ్గుతోంది, ఇక దాచుకునే శక్తి లేక.

మామా పైకొచ్చింది. "ఇల్లు తగలబెట్టేదానివి కదా" అంది.

నేనుండలేక అన్నాను. "మామా, బుఖూరు మీరిచ్చిందే."

"వాసనకిచ్చాను. పెట్రోలు పక్కన నిప్పు పెట్టమన్నానా?"

పెద్దబ్బాయి తలొంచుకుని, "ఆవిడకి తెలీదమ్మా" అన్నాడు. తెలిసిన మనిషి ఆయన ఒక్కడే ఆ ఇంట్లో.

మామా అక్కనే చూస్తోంది. "ఈ దగ్గు ఎప్పట్నుంచి?"

అక్క తలగుడ్డ నోటికి అడ్డం పెట్టుకుంది. అయినా దగ్గు ఆగలేదు.

"ఖలాస్" అంది మామా.

ఆ సాయంత్రమే డబ్బాలు కిందికి దిగాయి. పెరట్లో నీడపట్టున, ఇంటికి దూరంగా, మీద తడి గోనెలు కప్పించాడు పెద్దబ్బాయి. అక్క అన్నాళ్లు బతిమాలితే కదలనివి, ఇల్లు కాలుతుందనేసరికి పొద్దుగూకే మగ్రిబ్ నమాజు లోపే కదిలాయి. ఇఖామా కట్టించలేదు. అక్కకి టిక్కెట్టు తీశారు. కూతురు చదువు మధ్యలో మాని కాకినాడలోనే బట్టల షాపులో చేరిందని తర్వాత తెలిసింది.

అక్క వెళ్లాక మామా నన్ను పిలిచి, వంటింటి పక్క ఇరుకులో ఎందుకు, పైగదిలోకి మారమంది. "ఇప్పుడక్కడ గాలి శుభ్రంగా ఉంది" అంది.

మారాను. నిజమే, శుభ్రంగానే ఉంది.