పల్చగా పూసిన చెట్టు

నా చిన్నప్పుడు మా పిన్ని నన్నొక పెళ్లికి తీసుకెళ్లింది. ఆ పెళ్లి డెట్రాయిట్‌లో, మ్యూజియం గోడమీద జరుగుతోంది. నాలుగు వందల ఏళ్ల కిందట బెల్జియం వైపు పల్లెటూళ్లను గీసిన ఓ చిత్రకారుడి పటం అది. చెట్ల కింద వందమందికి పైగా జనం ఒకరినొకరు రాసుకుంటూ గంతులు వేస్తున్నారు, ఓ పక్క ఒకడు తోలుతిత్తి బూర ఊదుతున్నాడు. ఇందులో పెళ్లికూతురెవరో చెప్పుకో అంది పిన్ని. నేను ఎర్ర బట్టలవాళ్లందరినీ వరసగా చూపించాను. ఆవిడ ప్రతిసారీ తల అడ్డంగా ఊపింది. చివరికి నల్ల గౌను వేసుకుని, జుట్టు విరబోసుకుని ఆడుతున్న ఒకామె మీదికి నా తల తిప్పింది. ఆ కాలంలో అక్కడి పెళ్లికూతుళ్లు నలుపే కట్టేవారట. మనకు తెలిసిన పెళ్లికూతుర్ని వెతుకుతూ కూర్చున్నావు, ఎదురుగా ఉన్నామె కనపడలేదు అంది.

పిన్ని మా అమ్మకు చెల్లెలు. రాజమండ్రిలో ఆడపిల్లల బడిలో డ్రాయింగ్ టీచరుగా చేసేది. కార్ల కంపెనీలో ఇంజినీరుగా ఉన్న బాబాయిని పెళ్లి చేసుకుని, డెట్రాయిట్ పక్కనున్న ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా పక్క వీధికి వచ్చింది. భార్యలకిచ్చే వీసా మీద వచ్చినవాళ్లు ఉద్యోగం చేయకూడదు. కారు నడపడం నేర్పడానికి బాబాయికి తీరిక దొరకలేదు. ఎన్నాళ్లు గడిచినా దొరకలేదు. అందుకని శనివారాల్లో మా అమ్మ మా ఇద్దరినీ మ్యూజియం మెట్ల దగ్గర దింపి తన పనులు చూసుకుని వచ్చేది. నాకప్పుడు పదేళ్లుంటాయి.

గ్యాలరీలో పెన్సిల్ తప్ప రంగులు బయటికి తీయనివ్వరు. పిన్ని నేలమీద మఠం వేసుకుని కూర్చుని స్కెచ్ పుస్తకంలో గీసుకునేది, ఇంటికెళ్లి బేస్‌మెంట్‌లో వాషింగ్ మెషీన్ పక్కన ఈజిల్ పెట్టుకుని నూనె రంగులతో వేసేది. నాకు కథలు చెప్పేది. గడ్డి టోపీ పెట్టుకుని తన మొహం తనే వేసుకున్న డచ్చి చిత్రకారుడి ముందు చాలాసేపు నిలబడేది. ఎదురుగా కూర్చోడానికి ఒక్క మనిషి దొరక్కపోతే అద్దంలోకి చూసుకుని వేసుకున్నాడే, పాపం అనేది. నల్లటి రాత్రిలో బాణసంచా నిప్పురవ్వలు రాలుతున్న పటం ఒకటుంది. దాన్ని వేసిన అమెరికా చిత్రకారుణ్ణి ఓ పెద్ద విమర్శకుడు జనం మొహాన రంగు డబ్బా విసిరాడని వెక్కిరిస్తే, ఆయన కోర్టుకెక్కి గెలిచాడట, ఆ కేసు ఖర్చులతో దివాలా తీశాడట. ఇది చెప్పినప్పుడు మాత్రం పిన్ని నవ్వేది కాదు.

మా పెళ్లి పటానికీ ఒక కథ ఉంది. ఆ కాలపు మగవాళ్ల లాగులు ముందువైపు కాస్త ధైర్యంగా కుట్టి ఉంటాయి. తర్వాతి కాలంలో ఎవరో పెద్దమనుషులు సిగ్గుపడి ఆ చోట్ల రంగు పూయించారు. చాలా ఏళ్లకు పటాన్ని శుభ్రం చేయిస్తే ఆ రంగు పోయి అసలు లాగులు మళ్లీ బయటపడ్డాయి. నేను పగలబడి నవ్వాను. పిన్ని కూడా నవ్వింది. పూసినవాళ్లు ఎప్పుడో పోయారు, లాగులు మాత్రం ఉన్నాయి చూడు అంది.

ఆ చలికాలంలో బాబాయి పైఅధికారి కొత్త ఇల్లు కొన్నాడు. ఆయన మనవాడే. ఆయన భార్యను మా పిల్లలందరం పెద్దాంటీ అనేవాళ్లం. మా ఊళ్లో తెలుగువాళ్ల పేరంటాల్లో ఎవరు ఎక్కడ కూర్చోవాలో కూడా ఆవిడే చెప్పేది. బాబాయి గ్రీన్ కార్డు కాగితాలు కదలాలంటే ఆయన సంతకం పడాలి. గృహప్రవేశానికి ఏమివ్వాలా అని తల పట్టుకున్న బాబాయికి ఒక రోజు బేస్‌మెంట్‌లో ఉన్న భార్య గుర్తొచ్చింది. పెళ్లి బొమ్మయితే శుభంగా ఉంటుంది, అదే వెయ్యి అన్నాడు. అంతవరకూ ఆవిడ బొమ్మల్ని ఆయన టైంపాస్ అనేవాడు.

పిన్ని చలికాలమంతా మ్యూజియంలోని ఆ పెళ్లినే వేసింది. బడి నుంచి రాగానే నేను వెళ్లి మెట్ల మీద కూర్చునేదాన్ని. టర్పెంటైన్ వాసన నాకు ఇప్పటికీ ఇష్టం. పటం అయిపోవచ్చిన రోజున పిన్ని నన్ను దగ్గరికి పిలిచి, ఈసారి వేరే ఆమెను వెతుకు అంది. నేను ఎరుపునూ వదిలేశాను, నలుపునూ వదిలేశాను. అప్పుడు కనిపించింది. వెనకాల చెట్టు పక్కన, ఎవరూ పట్టించుకోని చోట, పసుపుపచ్చ చీర కట్టుకుని ఒకామె నిలబడి ఉంది. అందరూ ఆటలో మునిగి ఉంటే ఆమె మాత్రం తిన్నగా మావైపు చూస్తోంది. నా బొటనవేలంత మనిషి. అయినా ఆ ముక్కు మా పిన్నిది.

"ఈ దేశం వచ్చాక నేనున్నట్టు ఎక్కడా లేదే. ఇంటి మీద నా పేరు లేదు, బ్యాంకులో లేదు. ఇక్కడైనా ఉండనీ," అంది.

గృహప్రవేశానికి ముందు ఆదివారం పెద్దాంటీ పటం చూడ్డానికి స్వయంగా వచ్చింది. బాబాయి మెట్ల లైట్లన్నీ వేసి ఆవిడను కిందికి తీసుకొచ్చాడు, వెనకే అమ్మా నేనూ దిగాం. ఆవిడ పటానికి దూరంగా నిలబడి, దగ్గరికి జరిగి, కళ్లజోడు పెట్టుకుంది.

"పెళ్లికూతురు నలుపు కట్టడమేంటమ్మా? కొత్తింట్లో పెడతామా అలాంటిది? ఎరుపు వేసెయ్. ఈ మగాళ్ల ప్యాంట్లు కూడా కాస్త చూడు, మా అత్తగారు వస్తున్నారు."

అసలు పటంలో అలాగే ఉందని పిన్ని చెబుతుందేమో అని నేను ఆవిడ మొహం చూస్తున్నాను. ఈలోగా పెద్దాంటీ వేలు వెనకాల చెట్టు దగ్గర ఆగింది.

"ఇదెవరు? చీర కట్టుకుంది? మనవాళ్లు ఇక్కడికెందుకొచ్చారు? అమెరికన్స్ ఎవరైనా చూస్తే మనల్ని చూసి నవ్విపోతారు. ఇది తీసెయ్యమ్మా."

"తీసేస్తుందండీ. ఏదో పొరపాటున పడి ఉంటుంది," అన్నాడు బాబాయి.

పొరపాటున పడిందట. కనుబొమలు, చీర అంచు, కాలి మట్టెలతో సహా. తన ఇంట్లో ఉన్న మనిషి మొహాన్ని గుర్తుపట్టలేదో, గుర్తుపట్టే అన్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. రెండింటిలో ఏది నిజమైనా నా ఒళ్లు మండుతుంది. నేను నోరు తెరవబోతే మా అమ్మ నా భుజం నొక్కింది. పైకి వచ్చాక, వాళ్ల గ్రీన్ కార్డు ఆయన చేతిలో ఉందే, నువ్వేం మాట్లాడకు అంది.

మర్నాడు బడి నుంచి వెళ్లేసరికి పెళ్లికూతురు ఎర్రగా అయిపోయింది, లాగులన్నీ పెద్దమనిషి తరహాలోకి వచ్చేశాయి. ఆ రంగులు పిన్ని బాగా చిక్కగా, దళసరిగా పూసింది. చెట్టు పక్కనామె మాత్రం ఇంకా ఉంది. నాకోసమే ఆగిందనుకుంటాను. రంగులు కలిపే పలకమీద గోధుమరంగు తీసుకుని, అందులో నూనె ఎక్కువగా కలిపి, మజ్జిగలా పల్చన చేసింది. చెట్టు మొదలును కాస్త లావు చేస్తున్నట్టుగా ఆమె మీదుగా కుంచె నడిపింది. ఒక పొర సరిపోలేదు. రెండ్రోజులకు అది ఆరాక ఇంకోటి వేసింది. పాదాలు ముందు పోయాయి, చీర పోయింది, మొహం చివరికి పోయింది. నేను ఏడ్చాను.

పిన్ని ఏడవలేదు. కుంచె గుడ్డకు తుడుస్తూ నాకొక రహస్యం చెప్పింది. నూనె రంగు ఏళ్లు గడిచేకొద్దీ పల్చబడి అద్దంలా అవుతుందట. దళసరిగా పూస్తే కిందిది ఎప్పటికీ రాదు, పల్చగా పూస్తే ఏదో ఒక రోజు చెట్టులోంచి మనిషి కనపడుతుంది. పాత చిత్రకారుల పటాల్లో అలా లోపలి చెయ్యో, గుర్రం కాలో పైకి తేలడం చూశానంది. "అందుకే పల్చగా పూశాను. నువ్వు పెద్దయ్యాక వెళ్లి చూడు," అంది. పదేళ్ల పిల్లకు అంతకంటే గొప్ప ఓదార్పు ఏముంటుంది? వాళ్లను భలే మోసం చేశాం అనుకున్నాను.

గృహప్రవేశంలో పటాన్ని హాల్లో అందరికీ కనపడేలా పెట్టారు. వచ్చినవాళ్లు బాబాయి అభిరుచిని మెచ్చుకున్నారు. ఎరుపు నేనే చెప్పి వేయించాను, లేకపోతే ఏడుపుగొట్టుగా ఉండేది అని పెద్దాంటీ అందరికీ చెప్పింది. పిన్ని వంటింట్లో పులిహోర కలుపుతూ ఉండిపోయింది. ఎవరు వేశారని ఎవరూ అడగలేదు.

బాబాయి కాగితాలు కదిలాయి. పిన్నికి కూడా కార్డు వచ్చింది, కారు వచ్చింది, కంప్యూటర్ కోర్సు చేసి ఇన్సూరెన్స్ కంపెనీలో ఉద్యోగమూ వచ్చింది. రంగుల గొట్టాలు బేస్‌మెంట్‌లో మూతలు బిగుసుకుపోయి రాళ్లయ్యాయి. మళ్లీ కుంచె పట్టలేదు. ఎప్పుడైనా అడిగితే, ఇప్పుడెందుకే అవన్నీ అనేది. కొన్నేళ్ల కిందట, రిటైరయిన సంవత్సరమే, జబ్బు చేసి పోయింది. ఆ పటాన్ని తను మళ్లీ చూడలేదు.

నేను చూశాను. పెద్దాంటీ ఇప్పుడు టెక్సస్‌లోని ఫ్రిస్కోలో కొడుకు దగ్గర ఉంటోంది. కిందటేడు వాళ్ల మనవడి పెళ్లికి వెళ్లాను. రిసెప్షన్‌కి పెళ్లికూతురు నల్ల లెహెంగా వేసుకుంది. మా బంగారం ఎంత బావుందో అని పెద్దాంటీ స్టేజీ ఎక్కి మెటికలు విరిచింది. నేను పకోడీ ప్లేటు పక్కన పెట్టి బయటికి వచ్చేశాను.

మర్నాడు వాళ్లింట్లో, పైన లాండ్రీ గది పక్క గోడకు మా పెళ్లి పటం కనిపించింది. ఎర్ర పెళ్లికూతురు ఎర్రగానే ఉంది. లాగులు పద్ధతిగానే ఉన్నాయి. వెనకాల చెట్టులోంచి మాత్రం పసుపుపచ్చగా చీర కుచ్చిళ్లు తేలాయి, పైన ఒక ముక్కు, రెండు కళ్లు. తిన్నగా నావైపే చూస్తోంది. పిన్ని చెప్పినట్టే వచ్చింది.

వెనకనుంచి కర్ర చప్పుడు చేసుకుంటూ పెద్దాంటీ వచ్చింది.

"ఆ చెట్టు మీద ఏదో డాగు పడిందమ్మా. పసుపు మరకలా రోజురోజుకీ ఎక్కువవుతోంది. ఎవర్నో పిలిచి టచప్ చేయిద్దామంటున్నాడు మావాడు."

"అది మరక కాదాంటీ. అది మా పిన్ని."

"ఏ పిన్ని?" అంది పెద్దాంటీ.

వెక్కిరించలేదు, తెలిసీ తెలియనట్టు నటించలేదు. నిజంగానే గుర్తులేదు. బాబాయి పేరు చెబితే వెంటనే గుర్తొచ్చింది, చాలా మంచివాడు, మాకు ఈ బొమ్మ ఇచ్చింది ఆయనేగా అంది. ఆవిడ కోడలు బట్టల బుట్టతో వచ్చి మా మాటలు విని, "మీకు కావాలంటే తీస్కెళ్లండి, ఇట్స్ టోటల్లీ ఓకే, మేం ఎలాగూ రీడెకరేట్ చేస్తున్నాం," అంది. పెద్దాంటీ వెంటనే అడ్డం పడింది. గృహప్రవేశానికి వచ్చిన వస్తువు, అందులోనూ పెళ్లి బొమ్మ, పెళ్లయిన మర్నాడే ఇంట్లోంచి పంపేస్తారా అంది. కోడలు భుజాలెగరేసి బుట్ట పట్టుకుని వెళ్లిపోయింది.

బతిమాలాను. ఆవిడ వినలేదు. నా చేతుల్లో ఇంక ఏమీ లేదని అర్థమయ్యాక ఒక్కటే అడిగాను. టచప్ చేసేవాణ్ణి రంగు పల్చగా పూయమనండి, నూనె ఎక్కువ కలపమనండి అన్నాను. అలాగేలేమ్మా అంది పెద్దాంటీ. ఎందుకని అడగలేదు.

పిన్ని దగ్గర నేను నేర్చుకున్నది ఆ ఒక్క మాటే. ఈసారి ఆ చెట్టు పల్చబడేనాటికి, అందులోంచి చూస్తున్నది ఎవరో చెప్పడానికి నేను కూడా ఉండను.