తోక లేదన్నాను

నా బీరువా మీద ఒక పార ఉంది. కర్ర కామ తొడగని పార. పాత పంచెలో చుట్టి పెట్టాను. ఒంటిచేత్తో ఎత్తగలిగినంతే దాని బరువు. ఇన్నేళ్ళుగా నేను మోస్తున్న బరువు మాత్రం అదే. మనకి పొలం లేదు, దొడ్డి లేదు, ఇదెందుకండీ అని మా ఆవిడ ఒకటి రెండుసార్లు అడిగింది. పనిచేసిన చోటి గుర్తు అన్నాను. నమ్మింది. నా మాట అందరూ నమ్ముతారు. నేను చేసిన తప్పు ఆ నమ్మకం మీదే నడిచింది.

నా పేరు చెప్పను. మిగతా పేర్లు మార్చాను. పేరు దాచుకుని ఒప్పుకోవడం కూడా ఒప్పుకోవడమేనా అని మీరడగవచ్చు. నేనూ అడుగుతున్నాను. ఇంతకంటే ధైర్యం రాలేదు.

విజయవాడ వన్ టౌన్‌లో ఒక ఇనపసామాను హోల్‌సేల్ కొట్లో పెద్దగుమాస్తాగా చేశాను. మా సొంత సరుకు కొంగ మార్కు. పారలు, కొడవళ్ళు, బాడిసలు. ఆటోనగర్‌లో మా షెడ్డులోనే తయారయ్యేవి. ప్రతిదాని మీదా ఒంటికాలి మీద నిలబడ్డ చిన్న కొంగ ముద్ర. పామర్రు వైపు రైతు కొట్టుకొచ్చి పార కావాలని అడగడు. "కొంగ ఇవ్వండి" అంటాడు.

ఆ మార్కు పెట్టిన పెద్దాయన ఒక పద్ధతి పెట్టాడు. కట్టకొక పార బయటికి లాగి, కామ దూర్చే కన్నంలో వేలు పెట్టి వేలాడదీసి, బోల్టుతో కొట్టాలి. ఠంగుమని ఏ పారైనా మోగుతుంది. ఆ మోత అణిగిపోయాక పారని చెవి దగ్గరికి తెచ్చుకుంటే, దోమ పాటంత సన్నగా, ఇంకా ఏదో సాగుతూ ఉంటుంది. దాన్ని మేం తోక అనేవాళ్ళం. ఉక్కు మంచిదై, పదును సరిగ్గా పడితేనే తోక ఉంటుంది. బజారు రొదలో అది చెవికి ఆనించుకున్నవాడికి తప్ప ఇంకెవరికీ వినపడదు. కొట్లో ఆ చెవి నాది. షెడ్డులో వీరాచారిది. పారలు ఎర్రగా కాల్చి నూనెలో ముంచి పదును పట్టించేది ఆయనే. ఆయన తోక ఉందని పంపిన సరుకుని నేను లేదని తిప్పి పంపిన రోజు లేదు. మేం ఎక్కువ మాట్లాడుకునేవాళ్ళం కాదు. ఆ అవసరం రాలేదు.

పెద్దాయన పోయాక కొడుకులు మార్కునీ షెడ్డునీ కొట్టునీ కలిపి రాజశేఖర్‌కి అమ్మేశారు. సిమెంటు వ్యాపారి. నాకంటే బాగా చిన్నవాడు. వచ్చీరాగానే, పారల ఉక్కు కోసం లారీల పాత కమాన్ పట్టీలు తెప్పించి వాడే అలవాటు మాన్పించి, చవక రేకు తెప్పించాడు. ఇది పదును పట్టదండీ అన్నందుకు వీరాచారిని ఇంటికి పంపేశాడు. కొత్త పారలు కొట్టుకొచ్చాయి. కొట్టి చూశాను. డబ్బా మూతలా మోగి ఊరుకున్నాయి. కట్టలన్నీ పక్కన పెట్టించాను.

ఆ మధ్యాహ్నం రాజశేఖర్ వచ్చాడు. కొట్టు నిండా డీలర్లు, గుమ్మంలో ముఠా కూలీలు.

"ఏంటండీ గుమాస్తాగారూ, సరుకు ఆపేశారంట?"

"తోక లేదండీ."

"పారకి తోకేంటండీ, గేదా?"

అందరూ నవ్వారు. ఆయన అక్కడితో ఆగి ఉంటే నేనూ నవ్వేసేవాణ్ణేమో. ఒక పార తీసి నా చెవి పక్కన పెట్టి, వేలితో టకటకా కొట్టాడు. "ఏమంటోందండీ? అంబా అంటోందా?" మళ్ళీ నవ్వులు. "జనం కొనేది కొంగ బొమ్మనండీ, ఇనుముని కాదు. బొమ్మ పడిందో లేదో చూసి పంపించండి, చాలు."

ఆ వారంలోనే పని మానేశాను. పేరు మాత్రం వదల్లేదు. తోక గుమాస్తా. ఆ సందుల్లో తోపుడుబండి వాళ్ళకి కూడా తెలిసిపోయింది. "తోకగారొస్తున్నారు, జరగండెహె!" అని ఒకడు అరిస్తే, టీ కొట్టు దగ్గర నలుగురు తిరిగి చూసేవాళ్ళు. వాళ్ళకది సరదా. నేను ఇంటికొచ్చి డైరీ రాసుకునేవాణ్ణి. చదువుకున్న రోజులనించీ రాస్తున్నాను. వాన పడిందా, ఎవరొచ్చారు, ఏం తిన్నాం, అంతే నా డైరీలు. ఆ రోజుల పేజీల్లో మాత్రం రాజశేఖర్ పేరు తప్ప ఇంకేమీ కనపడదు.

కొత్త పారలు గట్టు చెక్కుతుంటే మడతలు పడ్డాయి. మెడలు విరిగాయి. ఉయ్యూరు డీలరొకాయన విరిగిన ముక్కలు సంచిలో వేసుకుని మా ఇంటికొచ్చి చూపించాడు. ఆయనకి టిఫిను పెట్టించాను, కాఫీ ఇప్పించాను, బస్సు దాకా వెళ్ళి ఎక్కించాను. ఆ రోజు డైరీలో రాసింది ఒకటే ముక్క. మంచి రోజు.

ఇక్కడి దాకా తప్పు రాజశేఖర్‌ది. ఓనరు మారాడు, సరుకు చెడింది, మార్కు పోయింది. వన్ టౌన్‌లో ఇవాళ ఎవరినడిగినా ఇదే చెబుతారు. నేనూ ఇన్నాళ్ళూ ఇదే చెబుతూ వచ్చాను. మిగతా సగం నా దగ్గరే ఉండిపోయింది.

రాజశేఖర్ తన తప్పు తెలుసుకున్నాడు. నాకు గిట్టని నిజం అదే. కొన్నేళ్ళు నష్టపోయాక మళ్ళీ కమాన్ పట్టీల ఉక్కు తెప్పించాడు. వీరాచారి ఇంటికి వెళ్ళి, బతిమాలి తీసుకొచ్చాడు. తర్వాత మా ఇంటికొచ్చాడు. "ఆ రోజు నోరు జారానండీ" అన్నాడు. డీలర్లు ఇంక తన మాట వినడం లేదనీ, నేనొచ్చి వాళ్ళ ముందు ఒక్క పార కొట్టి చూసి ఉన్నదున్నట్టు చెబితే చాలనీ అన్నాడు. నన్ను అవమానించింది నడిబజార్లో. క్షమాపణ అడిగింది మా ముందుగదిలో, తలుపు దగ్గరగా వేసి. ఆ తేడా నేను మర్చిపోలేదు.

వస్తానన్నాను. అంత తొందరగా ఎందుకు ఒప్పుకున్నాను? తోక ఉండదులే అనుకున్నానా? ఉంటే ఏం చెప్పాలో అప్పటికే తేల్చుకున్నానా? ఎన్నోసార్లు వెనక్కి వెళ్ళి వెతికాను. ఇస్త్రీ చొక్కా వేసుకోవడం, పంచె అంచు సర్దుకోవడం, వెళ్తూ వెళ్తూ అద్దంలో చూసుకోవడం గుర్తున్నాయి. మనసులో ఏముందో గుర్తు లేదు. గుర్తు లేదని అనుకోవడం నాకు సుఖంగా ఉందేమో కూడా.

కాలవలకి నీళ్ళు వదిలే ముందు రోజులు. డీలర్లు ఆర్డర్లు పెట్టేది అప్పుడే. కొట్టు కిక్కిరిసి ఉంది. వీరాచారి కొత్త చొక్కా వేసుకుని స్తంభం పక్కన నిలబడ్డాడు. నన్ను చూసి ఆయన మొహం విప్పారింది. "మళ్ళీ మన రోజులొచ్చాయండీ గురువుగారూ" అన్నాడు. నేను తలూపాను.

పార తీసుకున్నాను. కన్నంలో వేలు పెట్టాను. కొట్టాను. మోగింది, అందరూ విన్నారు. మోత అణిగాక చెవి దగ్గరికి తెచ్చుకున్నాను.

నేను ఏం విన్నానో ఆ కొట్లో ఇంకెవరికీ తెలియదు. రాజశేఖర్ నా మొహంలోకే చూస్తున్నాడు. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. కొనడం, అమ్మడం తప్ప అడగడం తెలియని మనిషి నన్ను అడుగుతున్నాడు. ఆ మొహాన్ని అలాగే ఉంచి ఇంకాసేపు చూడాలనిపించింది. చూశాను.

"తోక లేదండీ" అన్నాను.

"ఇంకోసారి చూడండి గుమాస్తాగారూ."

"ఎన్నిసార్లు చూసినా ఇంతేనండీ. బొమ్మ మాత్రం బాగా పడింది."

వెనకనించి ఎవరో "గేదెకే తోక లేదురోయ్!" అన్నారు. కొట్టంతా నవ్వింది. ఈసారి ఆ నవ్వు ఆయన మీద. ఆ సంతోషం ఎంత తియ్యగా ఉందో చెప్పడానికి ఈ వయసులో కూడా నాకు సిగ్గు లేదు.

అప్పుడు వీరాచారి జనాన్ని తప్పించుకుని దగ్గరికొచ్చాడు. నా చేతిలో పార తీసుకుని, తనే కొట్టి, చెవికి పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు.

"లేదా గురువుగారూ?"

"లేదు ఆచారీ."

"నాకు వినపడుతున్నట్టే ఉందండీ." ఇంకాసేపు విన్నాడు. నా మొహంలోకి చూశాడు. తర్వాత తనే సర్దుకున్నాడు. "చెవిలో హోరేమో లెండి. ఇన్నేళ్ళు సమ్మెట పక్కనే ఉన్నాను కదా."

"అయ్యుంటుంది" అన్నాను.

మొదటి అబద్ధం పగతో చెప్పాను. దాన్ని ఇవాళ్టికీ నాది కాదనను. ఈ రెండోదాన్ని ఎందుకు చెప్పాను? మొదటిదాన్ని కాపాడుకోవడానికి. అంతే. నన్ను ఎన్నడూ ఒక్క మాట అనని మనిషి తన చెవిని పక్కన పెట్టి నా నోటిని నమ్మాడు. నేను నమ్మనిచ్చాను. ఇంటికెళ్ళి తీరిగ్గా మళ్ళీ చూస్తానని ఆ పారని సంచిలో పెట్టుకుని బయటపడ్డాను. అది ఇంకొకరి చెవికి అందకూడదు. ఆ రోజు డైరీలో కూడా తోక లేదనే రాసుకున్నాను. నేను తప్ప ఎవరూ చదవని పుస్తకంలో అబద్ధం ఎవరికోసం రాశానో ఇప్పటికీ తెలియదు.

డీలర్లు వేరే మార్కుకి వెళ్ళిపోయారు. షెడ్డు మూతపడింది. కొంగని ఇంకెవరో కొన్నారు, వాళ్ళ దగ్గర ఇంకెవరో. ఇప్పుడు ప్లాస్టిక్ కవర్లో ఎక్కణ్ణించో వస్తోంది. బొమ్మ కూడా మార్చారు. కొంగ రెండు కాళ్ళ మీద నిలబడింది. రాజశేఖర్‌కి ఏమైందంటారా? ఏమీ కాలేదు. సిమెంటు ఉంది, కారుంది. మొన్న ఆ కారు నా పక్కనించే వెళ్ళింది. నా పగ ఆయనకి ఒక వ్యాపారం తగ్గించింది. ఇంకా తగిలి ఉండాల్సిందని ఇప్పటికీ అనిపిస్తుంది.

గట్టిగా తగిలింది వీరాచారికి. మళ్ళీ కొలిమి ముట్టుకోలేదు. ఎవరు పిలిచినా, చెవుల్లేనివాణ్ణి, నాకెందుకండీ అనేవాడట. ఉయ్యూరులో కూతురి దగ్గర ఉండేవాడు. ఒకసారి చూడ్డానికి వెళ్ళాను. చెప్పేద్దామనే వెళ్ళాను. ఆయన నా చెయ్యి పట్టుకుని అల్లుడికి చూపించాడు. "ఆ రోజు మా గురువుగారు మొహమాటపడి ఉంటే, ఎంతమంది రైతుల చేతుల్లో చెడ్డ పారలు పెట్టేవాణ్ణో!" అన్నాడు. అంతలో ఆయనే తల అటు తిప్పి, "అమ్మాయ్, పాలు!" అని కేకేశాడు. వంటింట్లో పొంగుతున్న పాల చప్పుడు నాకు వినపడలేదు. ఆయనకి వినపడింది. కాఫీ తాగి వచ్చేశాను.

అప్పుడు ఎందుకు చెప్పలేదు? సిగ్గు అంటే మీరు నమ్ముతారు. కానీ అది సగమే. వీరాచారి చెయ్యి మంచిదని చెబితే, రాజశేఖర్ పార మంచిదని చెప్పినట్టే. ఆ రోజు గెలవాల్సింది ఆయనే అని బజారంతా అంటుంది. అది నా నోటితో అనలేకపోయాను. ఒకరి మీద పగని చల్లారనివ్వకుండా ఉంచడానికి ఇంకొకరి మంచిపేరు తగలబెడుతూ వచ్చాను.

ఈ ఎండాకాలం వీరాచారి పోయాడు. కూతురు ఫోన్ చేసింది. చివరిదాకా మీ మాటే చెప్పేవారండీ అంది.

నిన్న పారని కిందికి దించాను. కాస్త తుప్పు పట్టింది. కన్నంలో వేలు పెట్టి కొట్టాను. మా ఆవిడ వంటింట్లోంచి తొంగి చూసింది. పారని చెవికి ఆనించుకున్నాను. నా చెవులు మందగించాయి. వినపడకపోతే బాగుండుననుకున్నాను.

రాజశేఖర్ ఇది చదివితే నవ్వుకుంటాడు. నవ్వుకోనీండి. ఆయన్ని నేను క్షమించలేదు, నన్ను క్షమించమని ఎవరినీ అడగడం లేదు. డైరీలో రాసింది కొట్టెయ్యలేదు, అలాగే ఉంది. ఇక్కడ మాత్రం ఉన్నదున్నట్టు రాస్తున్నాను. ఆ పార వీరాచారి చేతిది. పెద్దాయన రోజుల్లో కూడా అంత పొడుగు మోత అరుదు.

తోక ఉంది. ఆ రోజూ ఉంది.